పాత కారుకు మరో ఇంజను: ముందు లెక్క, తర్వాత పానా

అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీ పని ఆపేశాక కొత్త అంబాసిడర్ రోడ్డెక్కలేదు. అయినా ఆ బండ్లు కనుమరుగు కాలేదు. హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో ఉన్న రోజుల్లో ప్రయాణికుల్ని మోసిన తరం అది. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు తరలివచ్చేసరికి వాటి కాలం దాదాపు అయిపోయింది. కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని మాత్రం ఊళ్లలో ఇంటి వెనక, మెకానిక్ షెడ్డు పక్కన, టార్పాలిన్ కింద ఉండిపోయాయి. తండ్రి కొన్న కారును అమ్మడానికి మనసొప్పని కొడుకులూ కూతుళ్లూ ఇప్పటికీ ఉన్నారు.

అలాంటి బండిని మళ్లీ నడిపించాలనుకున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇంజను గురించే. ఉన్నదాన్ని బాగుచేయించాలా, లేక మరో ఇంజను తెచ్చి పెట్టాలా? డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు రెండో దారి సులువుగా కనిపిస్తుంది. ప్రమాదానికి గురైన బండి నుంచి తీసిన ఇంజను చవకగా దొరుకుతుంది, బలం కూడా ఎక్కువ. కానీ ఇంజను ఒంటరిగా పనిచేసే యంత్రం కాదు. అది పుట్టించే బలం గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసు మీదుగా చక్రానికి చేరాలి. దాని వేడి రేడియేటర్ గుండా బయటికి పోవాలి. దాని కుదుపును మౌంటింగులు మింగాలి. అది ఇచ్చిన వేగాన్ని బ్రేకులు ఆపాలి. ఇంజను మార్పిడిలో డబ్బు వృథా అయ్యేది ఈ లెక్కలు వేయకపోవడం వల్లే. ఈ అధ్యాయంలో వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం. ఇందుకు కావలసింది హైస్కూలు భౌతికశాస్త్రమే.

ఫ్యాక్టరీలే చేసిన మార్పిళ్లు

ఇంజను మార్పిడి వీధి షెడ్డులో పుట్టిన ఆలోచన అనుకుంటాం. మన దేశంలో ఆ పనిని పెద్ద ఎత్తున చేసింది కార్ల కంపెనీలే. లైసెన్సుల కాలంలో కారును మొదటినుంచీ కొత్తగా రూపొందించడానికి డబ్బూ అనుమతులూ కష్టమే. అందుకని ఒకచోటి బాడీకి మరోచోటి ఇంజను కలిపేవారు.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. మొదట్లో దానికి 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో వాల్వులు హెడ్డులో ఉండే 1489 సీసీ ఇంజను వచ్చింది. 1980 ప్రాంతంలో దాదాపు అదే పరిమాణంలో డీజిల్ ఇంజను చేరింది. 1990ల మొదట్లో జపాన్‌కు చెందిన ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజను, అయిదు గేర్ల పెట్టెతో సహా వచ్చింది. 50 హార్స్‌పవర్ దగ్గర ఉన్న బలం 75 దగ్గరికి చేరింది. బయటి రూపం మాత్రం పెద్దగా మారలేదు.

అదే కంపెనీ 1984లో కాంటెస్సా తెచ్చింది. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారు బాడీ అది. అందులో పెట్టింది అంబాసిడర్ 1489 సీసీ ఇంజనునే. అంత పెద్ద బండికి ఆ 50 గుర్రాలు చాలలేదు. కొన్నేళ్లకే ఇసుజు 1.8 లీటర్ల ఇంజను పెట్టాక కాంటెస్సాకు ప్రాణం వచ్చింది.

మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1985లో ఇంకా పెద్ద సాహసం చేసింది. ఇంగ్లండులో 3.5 లీటర్ల వీ8 ఇంజనుతో పేరు తెచ్చుకున్న రోవర్ ఎస్‌డీ1 బాడీని తీసుకుని, అందులో తమ దగ్గరున్న పాత వాన్‌గార్డ్ తరహా 1991 సీసీ ఇంజను పెట్టింది. స్టాండర్డ్ 2000 అని పేరు పెట్టిన ఆ కారు ధర ఎక్కువ, తాగే పెట్రోలు ఎక్కువ, పరుగు తక్కువ. కొన్నేళ్లకే కథ ముగిసింది.

అదే 1985లో బొంబాయిలోని ప్రీమియర్ కంపెనీ 118ఎన్ఈ తెచ్చింది. బాడీ ఫియట్ 124ది, ఇంజను నిస్సాన్ వారి 1171 సీసీ ఏ12. అది తేలికైన ఇంజను. దానికి సరిపడే గేర్‌బాక్సు కూడా నిస్సాన్‌దే. ఈ జోడీ బాగా కుదిరింది.

ఈ నాలుగు బండ్లూ చెప్పే పాఠం ఒక్కటే. బాడీ బరువుకు ఇంజను బలం సరిపోవాలి, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకదానికొకటి తెలిసినవై ఉండాలి. పాత అంబాసిడర్‌కు ఇసుజు 1.8 ఇంజనును దాని సొంత గేర్‌బాక్సుతో సహా పెట్టించుకుంటే, ఆ లెక్కలు వేసిన ఇంజనీర్ల శ్రమ యజమానికి ఉచితంగా దక్కినట్టే. మౌంటింగు ఎక్కడ రావాలి, షాఫ్టు పొడవు ఎంత, రేడియేటర్ ఎంత పెద్దది అన్న ప్రశ్నలకు జవాబులు అదే మోడల్ తర్వాతి బండ్లలో ఉన్నాయి. తక్కువ డబ్బుతో చేసే మార్పిడికి ఇంతకంటే మంచి దారి లేదు.

అసలు ఎంత బలం కావాలి?

మనుషులతో కలిపి 1,300 కిలోల బరువున్న అంబాసిడర్ చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దాన్ని వెనక్కి లాగేవి రెండు: టైర్ల ఒరిపిడి, గాలి అడ్డు. టైర్ల ఒరిపిడి బండి బరువులో ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉంటుంది. ఇక్కడ సుమారు 190 న్యూటన్లు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. అంబాసిడర్ లాంటి గుండ్రటి, ఎత్తయిన బాడీకి ఆ వేగంలో అది 270 న్యూటన్ల దగ్గర ఉంటుంది. రెండూ కలిపి 460. దీన్ని సెకనుకు 22 మీటర్ల వేగంతో గుణిస్తే పది కిలోవాట్లు, అంటే దాదాపు 14 హార్స్‌పవర్.

ఈ అంకె చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద నిలకడగా సాగడానికి చక్రాలకు చేరాల్సిన బలం ఇంతే. మిగతా బలం వేగం పుంజుకోవడానికి, ఎత్తు ఎక్కడానికి, ఏసీ నడపడానికి. కాబట్టి పాత ఇంజను ఆరోగ్యంగా ఉంటే దాని 50 గుర్రాలు రోజువారీ ప్రయాణానికి చాలు. బండి లాగడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది ఇంజను పరిమాణాన్ని కాదు, దాని అరుగుదలను.

శంషాబాద్ గాలిలో ఎంత బలం?

ఇంజను పీల్చేది గాలి. ఎంత గాలి పీలిస్తే అంత ఇంధనం కాలుతుంది, అంత బలం వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో వాతావరణ పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు 93 శాతమే. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి ఇంకా పలచబడుతుంది. ఇంజనులకు బలం రాసే ప్రామాణిక పరిస్థితులతో పోలిస్తే, ఆ మధ్యాహ్నం సిలిండరులోకి చేరే గాలి బరువు 15 శాతం దాకా తగ్గవచ్చు. టర్బో లేని 50 గుర్రాల ఇంజను అప్పుడు 43 గుర్రాలే ఇస్తుంది. పక్కనే ఉన్న 4,260 మీటర్ల రన్‌వే మీద బయలుదేరే విమానానికీ ఇదే నియమం. ఎండ ఎక్కువైన కొద్దీ పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, అందుకే ప్రతి టేకాఫ్‌కూ ముందు ఉష్ణోగ్రతను, ఎత్తును లెక్కలోకి తీసుకుంటారు.

పాత ఇంజనును ఉంచాలా, దించాలా అని తేల్చే పరీక్షలోనూ ఈ ఎత్తు ప్రభావం ఉంది. దాన్ని కంప్రెషన్ పరీక్ష అంటారు. శంషాబాద్ దగ్గర ఒక షెడ్డులో 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కు అది చేస్తుంటే దగ్గరుండి చూశాను. ఇంజనును కాసేపు నడిపి వేడెక్కించారు. నాలుగు ప్లగ్గులూ విప్పారు. నిప్పురవ్వ రాకుండా కాయిల్ వైరు తీసేశారు. ఒకరు యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కి పట్టి సెల్ఫ్ తిప్పుతుంటే, ఉస్తాద్ ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూశాడు. మొదటి మూడు సిలిండర్లూ 125, 130 పీఎస్ఐ మధ్య వచ్చాయి. నాలుగోది 85 దగ్గర ఆగిపోయింది.

అప్పుడాయన ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ తిప్పించాడు. ముల్లు 115 దాటింది. దీని వెనక తర్కం సరళమైనది. నూనె పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందును తాత్కాలికంగా మూసింది, పీడనం పెరిగింది. అంటే లీకు రింగుల దగ్గర ఉంది. నూనె పోసినా ముల్లు కదలకపోతే తప్పు వాల్వులది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

ఇక్కడే ఎత్తు గుర్తుపెట్టుకోవాలి. గేజి చూపేది బయటి వాతావరణం కంటే లోపలి పీడనం ఎంత ఎక్కువో మాత్రమే. సముద్రతీరంలో 140 చూపించే ఇంజను శంషాబాద్‌లో 130 దగ్గరే చూపిస్తుంది. పుస్తకంలో రాసిన అంకెతో పోల్చి మంచి ఇంజనును చెడ్డదని తీర్పు చెప్పే ప్రమాదం ఉంది. అందుకే అసలు అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడాను చూడాలి. తేడా 10, 15 శాతం లోపు ఉంటే ఇంజను లోపలి భాగం నమ్మదగినదే.

ఆ అంబాసిడర్‌కు మూడు సిలిండర్లు బాగున్నాయి. రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే మరో ఇంజను అక్కర్లేదు. అన్నిటికంటే చవకైన ఇంజను చాలాసార్లు బానెట్ కింద అప్పటికే ఉంటుంది.

గాలి తర్వాత ఇంధనం. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదాని కంటే మూడో వంతు తక్కువ. కాబట్టి ఈ మిశ్రమంలో లీటరుకు శక్తి ఏడు శాతం దాకా తగ్గుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉండటంతో అది కాలడానికి గాలి తక్కువ చాలు. పాత కార్బురేటర్ జెట్లు మాత్రం పూర్తి పెట్రోలుకు కొలిచినవి. కొత్త మిశ్రమంతో అవి గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ ఇస్తాయి. మరోవైపు ఎత్తు ప్రదేశంలో గాలి పలచనై అవే జెట్లు ఇంధనం కాస్త ఎక్కువ ఇస్తాయి. శంషాబాద్ ఎత్తులో ఈ రెండూ ఒకదాన్నొకటి సగం దాకా కొట్టేసుకుంటాయి. మిగిలిన లోటుకు జెట్టు సైజు కొంచెం పెంచాలి. అంతకంటే ముఖ్యం పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు. ఇథనాల్ వాటిని ఉబ్బించి, పగిలేలా చేస్తుంది. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారితే మంటే. ఇంజను ఏదైనా, ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించడం మొదటి రోజు పని.

బలం చక్రం దాకా చేరే దారి

పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజను మెలి బలం, అంటే టార్కు, సుమారు 100 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు దాన్ని నాలుగు రెట్లకు దగ్గరగా పెంచుతుంది. వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్ మళ్లీ నాలుగున్నర రెట్లు పెంచుతాయి. చక్రాలు తిప్పే షాఫ్టుల దగ్గర అది 1,700 దాటుతుంది. ఇప్పుడు ఏదో వ్యాను నుంచి తీసిన 180 న్యూటన్ మీటర్ల డీజిల్ ఇంజను పెడితే అదే చోట 3,000 దాటుతుంది. దశాబ్దాలుగా అరిగిన షాఫ్టులు, క్రౌన్ పళ్లు ఆ మెలిని మోయాలి. ఎక్కుడు రోడ్డు మీద క్లచ్ ఒక్కసారి గట్టిగా వదిలితే విరిగేది అక్కడే. ఇంజనుకు మిగిల్చిన డబ్బు ఇరుసుకు పెట్టాల్సి వస్తుంది.

వేగం లెక్క కూడా చూద్దాం. చక్రం చుట్టుకొలత రెండు మీటర్లు అనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 667 సార్లు తిరుగుతుంది. ఇరుసు నిష్పత్తి 4.5 అయితే టాప్ గేరులో ఇంజను 3,000 చుట్లు తిరగాలి. పెట్రోల్ ఇంజనుకు అది హాయి. 4,000 చుట్ల దగ్గరే ఆగిపోయే పాత డీజిల్‌కు అది ఆయాసం. అయిదో గేరు నిష్పత్తి 0.85 ఉంటే చుట్లు 2,550కి దిగుతాయి, చప్పుడు తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది. ఇంజనును గేర్‌బాక్సుతో కలిపి కొనమని అనుభవజ్ఞులు చెప్పడానికి ఇదొక కారణం.

రెండో కారణం అమరిక. ఇంజను ఒక కంపెనీది, గేర్‌బాక్సు ఇంకొకరిది అయితే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. ఏ లేత్ షాపులోనైనా అది చేసిస్తారు. చిక్కు దాని కేంద్రంతోనే. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కొస ఫ్లైవీల్ మధ్యనున్న చిన్న బేరింగులో కూర్చుంటుంది. ఆ రెండు మధ్యరేఖల మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటితే ప్రతి చుట్టుకూ షాఫ్టు వంగుతుంది. క్లచ్ ప్లేటు పళ్లు అరుగుతాయి, గేర్లు జారతాయి, బేరింగు కీచుమంటుంది. కళ్లతో చూసి ఈ తేడాను ఎవరూ పట్టలేరు. ఫ్లైవీల్ మీద డయల్ గేజి బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి కొలవాలి. గేజి లేని షెడ్డులో అడాప్టర్ పని చేయించకపోవడమే మంచిది.

వేడి, కుదుపు

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. 80 కిలోమీటర్ల వేగంలో లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 6.7 లీటర్లు తాగుతుంది. అంటే సెకనుకు 59 కిలోజౌళ్లు, 59 కిలోవాట్లు. చక్రానికి చేరేది అందులో పది. మిగిలిందంతా వేడే. దాదాపు మూడో వంతు పొగగొట్టం గుండా, మరో మూడో వంతు రేడియేటర్ గుండా పోతుంది. రేడియేటర్ బయటికి తోయాల్సిన ఆ 20 కిలోవాట్లు స్నానాల గదిలోని రెండు కిలోవాట్ల గీజర్లు పది ఒకేసారి వేసినంత వేడి.

ఇంజను పెద్దదైతే ఈ వేడీ పెరుగుతుంది, రేడియేటర్ మాత్రం పాతదే. రోడ్డు మీద పరుగులో గాలి ఎదురొచ్చి ఆదుకుంటుంది. ఆరాంఘర్ చౌరస్తాలో మే నెల సిగ్నల్ దగ్గర ఆగితే ఫ్యానే దిక్కు. పాత ఫ్యాను బెల్టుతో తిరిగేది కాబట్టి ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. మూడు వరుసల రేడియేటర్ కోరు, ఉష్ణోగ్రతను బట్టి తనంతట తాను ఆన్ అయ్యే ఎలక్ట్రిక్ ఫ్యాను, ఫ్యాను చుట్టూ గాలిని బంధించే ష్రౌడు. ఈ మూడూ ఇంజను ధరలోనే భాగమని ముందే లెక్కేసుకోవాలి. బండి హీటెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. దానివల్ల ఇంజను ఎప్పటికీ సరైన ఉష్ణోగ్రతకు చేరదు, అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు, అంటే చాలని రేడియేటర్, అలాగే ఉండిపోతుంది.

కుదుపుకూ లెక్కుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లు పేలతాయి. నిమిషానికి 800 చుట్ల ఐడ్లింగులో సెకనుకు 27 కుదుపులు. మౌంటింగు రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. అది సెకనుకు 19 ఊపులకు లోపే ఉంటే రబ్బరు కుదుపును మింగుతుంది, 27కు దగ్గరైతే పెంచుతుంది. అప్పుడు సిగ్నల్ దగ్గర అద్దాలు, డ్యాష్‌బోర్డు, సీటు అన్నీ వణుకుతాయి. గట్టి రబ్బరు వేస్తే బలంగా ఉంటుందని పొరపడి కుదుపును కొని తెచ్చుకునేవారు ఎక్కువ. డీజిల్ పేలుడు మరింత గట్టిది కాబట్టి పెట్రోల్ మౌంటింగుల మీద డీజిల్ ఇంజనును కూర్చోబెట్టకూడదు. ఆ ఇంజను తన అసలు బండిలో కూర్చున్న మౌంటింగులనే తెచ్చుకోవాలి.

ఆపగలిగినంతే వేగం

బండి చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 1,300 కిలోల బండికి 60 కిలోమీటర్ల వేగంలో 180 కిలోజౌళ్లు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించే గరిష్ఠ వేగం 120. అక్కడ అది 720 కిలోజౌళ్లు, అంటే నాలుగు రెట్లు. ఆపాల్సి వస్తే ఆ శక్తంతా బ్రేకుల దగ్గర వేడిగా మారాలి.

పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లోపలున్న షూల నుంచి దూరంగా జరుగుతుంది. పెడల్ ఇంకా లోతుకు తొక్కాలి. లైనింగు కూడా వేడికి పట్టు కోల్పోతుంది. 50 గుర్రాల ఇంజను ఆ బండిని ప్రమాదకర వేగానికి చేర్చడానికి చాలాసేపు తీసుకునేది. 90 గుర్రాల ఇంజను తొందరగా చేరుస్తుంది. కనుక ముందు చక్రాలకు డిస్కులు, కొత్త మాస్టర్ సిలిండర్, మంచి టైర్లు లేకుండా బలమైన ఇంజను పెట్టడం తప్పు. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, ఎదురుగా రోడ్డు దాటే మనిషికి సంబంధించినది.

కాగితం కూడా యంత్రంలో భాగమే

శంషాబాద్‌లో ఇంజన్ల పనిని ప్రపంచస్థాయిలో చేసేవారు విమానాశ్రయ ప్రాంగణంలోనే ఉన్నారు. 2025 నవంబరు 26న అక్కడి జీఎంఆర్ ఏరోస్పేస్ పార్కులో ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ వారి విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి అది. పూర్తి సామర్థ్యానికి చేరాక ఏటా 300 లీప్ రకం ఇంజన్ల దాకా చూడగలదు. విమానయానంలో ఇంజను దించి మరొకటి ఎక్కించడం మామూలు పని. ఇంజను మరమ్మతుకు వెళ్తే విమానం దానికోసం ఎదురుచూస్తూ కూర్చోదు, వేరే ఇంజనుతో ఎగురుతుంది. అది సాధ్యమయ్యేది ప్రతి ఇంజనుకూ, అందులోని కీలక భాగాలకూ నంబరుతో పాటు పూర్తి చరిత్ర రాసి ఉండటం వల్లే.

కారుకు అంత పట్టింపు లేకపోయినా చట్టం సూత్రం అదే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త ఇంజను నంబరును ఆర్‌సీలో ఎక్కించాలి. లేకుంటే రిజిస్ట్రేషన్ చిక్కుల్లో పడుతుంది, ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గరా ఇబ్బంది తప్పదు. అదే కంపెనీ అదే మోడల్‌కు అధికారికంగా ఇచ్చిన ఇంజనైతే అధికారికి చూపడానికి ఆధారం ఉంటుంది. తుక్కు దుకాణంలో ఇంజను కొనేటప్పుడు అది ఏ బండిదో తెలిపే పత్రం, బిల్లు అడగాలి. అవి ఇవ్వలేనివారి దగ్గర ఇంజను ఎంత చవకైనా వదిలేయాలి, అది దొంగ బండిది కావచ్చు.

మరో విషయం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే అది వర్తిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చినవి అందులోకి రావు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు పసుపు రోల్స్ రాయిస్‌ను 1912 నాటి రూపంలో కాపాడుకోవడం ఒక విలువ. తండ్రి కారును రోజూ నడుపుకోవడం మరో విలువ. అందుకే బండి యాభై ఏళ్లకు దగ్గర్లో ఉండి, అసలు ఇంజను బతికే ఉంటే దాన్ని దించే ముందు బాగా ఆలోచించాలి.

మోటారు, బ్యాటరీ పెడితే?

అదే 52వ సెక్షన్ బ్యాటరీ, సీఎన్‌జీ వంటి వేరే శక్తి వనరులకు మార్చుకోవడానికి అనుమతితో దారి ఇస్తోంది. విద్యుత్ కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో సంస్థ మారుతి ఆల్టో లాంటి బండ్లను ఇలా విద్యుత్తుకు మార్చి చూపింది.

మన లెక్కలు ఇక్కడా పనికొస్తాయి. 80 కిలోమీటర్ల వేగంలో చక్రానికి పది కిలోవాట్లు కావాలి. నష్టాలు కలుపుకుని కిలోమీటరుకు 0.15 యూనిట్లు అనుకుంటే, 20 యూనిట్ల బ్యాటరీతో 130 కిలోమీటర్లు వెళ్లవచ్చు. రోజూ శంషాబాద్ నుంచి మెహదీపట్నం వెళ్లివచ్చేవారికి ఇది ధారాళం. రేడియేటర్ వేడి, ఐడ్లింగు కుదుపు దాదాపు మాయమవుతాయి. ఎత్తు ప్రదేశపు పలచని గాలితో మోటారుకు పని లేదు. కానీ బ్యాటరీ బరువు వందకు పైగా కిలోలు. దాన్ని ఎక్కడ పెట్టాలి, వెనక కమాను కట్టలు మోస్తాయా, బ్రేకులు ఆపుతాయా అన్న పాత ప్రశ్నలు అలాగే ఉంటాయి. ప్రస్తుతానికి దీని ఖర్చూ ఎక్కువే, ఆమోదం పొందిన కిట్టు మన మోడల్‌కు దొరకాలి కూడా.

డబ్బు వరుస

కొద్దిపాటి డబ్బుతో పాత బండిని లేపాలనుకునేవారు దాన్ని ఏ వరుసలో ఖర్చుపెట్టాలో ఈ లెక్కలే చెబుతాయి. మొదట తుప్పు. చాసిస్ భాగాలు, స్ప్రింగులు బిగించే చోట్లు గుల్లబారితే ఏ ఇంజనూ వాటిని కాపాడదు. స్క్రూడ్రైవర్ కొసతో కారు కింద ప్రతి అతుకునూ పొడిచి చూడాలి. రెండోది బ్రేకులు, స్టీరింగు, టైర్లు. మూడోది వైరింగు, ఇంధన గొట్టాలు. నాలుగోది రేడియేటర్. అయిదోది ఇంజను, అదీ కంప్రెషన్ పరీక్ష తర్వాత. టింకరింగు, పెయింటు అన్నిటికంటే చివర. మనవాళ్లు ఎక్కువగా దీన్ని తిరగేసి మెరిసే పెయింటుతో మొదలుపెట్టి, బ్రేకుల దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తారు.

జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. దాన్ని కట్టిన కె. సుధాకర్ తుక్కు సామాన్లతో, చిన్న చిన్న ఇంజన్లతో చిత్రమైన బండ్లెన్నో స్వయంగా చేశారు. 2005లో అతిపెద్ద ట్రైసైకిల్ నిర్మించి గిన్నిస్ రికార్డు సాధించారు. డబ్బు తక్కువైనా చేతిపని, ఓపిక ఉంటే ఎంత దూరం పోవచ్చో అక్కడ కళ్లారా చూడవచ్చు. అలాంటి చేతులు శంషాబాద్ షెడ్లలోనూ ఉన్నాయి. వాటికి తోడుగా యజమాని తెచ్చివ్వాల్సింది ఒక కాగితం: బండి బరువు, ఇంజను టార్కు, ఇరుసు నిష్పత్తి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, రేడియేటర్ సైజు, బ్రేకుల రకం. ఈ ఆరూ తెలిశాక ఇంజను మార్చాలో వద్దో మెకానిక్‌కూ యజమానికీ దాదాపు ఒకే సమాధానం వస్తుంది. చాలాసార్లు ఆ సమాధానం పాత ఇంజనును బాగుచేయించుకోమనే. అలా వస్తే నిరాశ పడనక్కర్లేదు, మిగిలిన డబ్బుతో బ్రేకులు కొత్తవి వేయించుకోవచ్చు.